విత్తుకు ముందా, విత్తాకా? తెలుగు రాష్ట్రాల వ్యవసాయ శాఖల పాత్రపై ఒక పరిశీలన

మెట్ట పొలంలో పత్తి వేసే రైతు ఒక సీజన్‌లో తీసుకునే నిర్ణయాల్లో మళ్లీ మార్చుకోలేనివి కొన్నే ఉంటాయి. పత్తి వేయాలా, కంది వేయాలా అన్నది మొదటిది. ఏ ప్యాకెట్ కొనాలన్నది రెండోది. తొలకరి జల్లుకే గింజ పెట్టాలా, గట్టి వాన కోసం ఆగాలా అన్నది మూడోది. పురుగు కనిపించిన రోజున ఏ మందు కొట్టాలి, అసలు మందు కొట్టాలా అన్నది ఆ తర్వాత వచ్చేది. జూన్‌కూ సెప్టెంబరుకూ మధ్య ఇవన్నీ తేలిపోతాయి. ఆ పైన ప్రభుత్వం చేసేదల్లా పంట నమోదు, కోత ప్రయోగం, నష్టం అంచనా, పరిహారం. అవి అవసరమైనవే. కానీ అప్పటికి పెట్టుబడి నేలలో పడిపోయి ఉంటుంది.

ఈ వ్యాసం అడిగే ప్రశ్న అక్కడ పుట్టిందే. రాష్ట్ర వ్యవసాయ శాఖ రైతు నిర్ణయానికి ముందు ఎంత మేరకు అక్కడ ఉంటోంది, తర్వాత ఎంత మేరకు వస్తోంది? ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అనుభవాలనే ప్రధానంగా తీసుకున్నాను. ఆధారాలు మూడు రకాలు: జాతీయ నమూనా సర్వేలు, తెలంగాణలో జరిగిన రెండు క్షేత్ర ప్రయోగాలు, చట్టాల పాఠాలు. ఈ మూడింటి బలం ఒకటి కాదు. సర్వే ఒక స్థితిని చూపిస్తుంది గాని కారణం చెప్పదు. క్షేత్ర ప్రయోగం కారణం చెబుతుంది గాని ఒక సీజన్‌కో ఒక పథకానికో పరిమితం. చట్టం కాగితం మీది అధికారాన్ని చెబుతుంది, అమలును కాదు. అందుకని ఎక్కడ ఏ ఆధారం మీద ఏ మాట అంటున్నానో అక్కడికక్కడే చెప్పే ప్రయత్నం చేశాను.

కరువులో పుట్టిన శాఖ

రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్రాల జాబితాలో 14వ అంశం వ్యవసాయం. వ్యవసాయ విద్య, పరిశోధన, చీడల నుంచి రక్షణ, తెగుళ్ల నివారణ కూడా అందులోనే ఉన్నాయి. అయితే శాఖ రాజ్యాంగం కన్నా చాలా పాతది. 1876–78 కరువు బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను ఊళ్లకు ఊళ్లుగా తుడిచిపెట్టాక, 1880లో కరువు కమిషన్ ప్రతి ప్రావిన్సులోనూ వ్యవసాయ శాఖ ఉండాలని సిఫారసు చేసింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ శాఖ 1882లో ఏర్పడింది. ఆనాడు దానికి అప్పగించిన పనుల్లో పంటల, వానల సమాచారం సేకరించడం ముఖ్యమైనది. పంట పోయాక లెక్క కట్టడం ఒక్కటే దాని ఉద్దేశం కాదు. పంట పోబోతోందని ముందే తెలుసుకోవడం దాని అసలు ప్రయోజనం. ఈ సంగతి గుర్తుంచుకోదగ్గది.

తర్వాతి దశాబ్దాల్లో పరిశోధన స్థానాలు వచ్చాయి. నంద్యాల, అనకాపల్లి, లాం, మారుటేరు వంటివి తొలినాళ్లలో శాఖ కిందే పనిచేశాయి. 1960లో దేశంలో మొదలైన ప్యాకేజీ కార్యక్రమానికి ఎంపికైన తొలి జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. విత్తనం, ఎరువు, అప్పు, సలహా అన్నీ ఒకే చోట అందించాలన్నది దాని ఆలోచన. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక పరిశోధన అటు వెళ్లింది, విస్తరణ శాఖ దగ్గర మిగిలింది. ఆ విభజన వల్ల పరిశోధనకు మేలు జరిగిందనే అనుకోవాలి. మారుటేరు నుంచి 1982లో స్వర్ణ, బాపట్ల నుంచి 1986లో సాంబ మసూరి వచ్చాయి. ఈ రెండు వరి రకాలు ఎక్కడెక్కడికో పాకిపోయాయి. అవి అంత వేగంగా వ్యాపించడంలో శాఖ వాటా ఎంత, పక్క పొలం చూసి గింజ అడిగి తెచ్చుకున్న రైతుల వాటా ఎంత అని విడదీసి చెప్పే ఆధారం నా కంటపడలేదు. పేరున్న రకం ప్రచారం లేకుండానే నడుస్తుందని గోదావరి డెల్టాలో ఎవరిని అడిగినా చెబుతారు.

పరిశోధన ఒక చోట, విస్తరణ ఇంకో చోట అయినప్పుడు రెండిటినీ కలిపే వంతెన కావాలి. ఏరువాక కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, 1998లో కొన్ని జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలై తర్వాత విస్తరించిన ఆత్మ సంస్థలు ఆ పనికే వచ్చాయి. వాటి గురించి వేరే వ్యాసం రాయవచ్చు. ఇక్కడ మన చూపు మండలం మీద, గ్రామం మీద ఉండాలి.

సలహా ఎవరిస్తున్నారు?

2003లో జాతీయ నమూనా సర్వే 59వ విడతలో రైతు కుటుంబాల స్థితిగతుల మీద పెద్ద సర్వే జరిగింది. ఆధునిక సాగు పద్ధతుల సమాచారం ఏదో ఒక మార్గంలో పొందిన కుటుంబాలు దేశం మొత్తం మీద 40 శాతమే అని తేలింది. ఆ మార్గాల్లో అందరికన్నా ముందున్నది తోటి అభ్యుదయ రైతు, 16.7 శాతం. తర్వాత విత్తనాలు, ఎరువులు అమ్మే దుకాణదారు, 13.1 శాతం. రేడియో దాదాపు అంతే, 13 శాతం. ప్రభుత్వ విస్తరణ సిబ్బంది నుంచి సమాచారం అందిందన్నవారు 5.7 శాతం. పదేళ్ల తర్వాత జరిగిన 70వ విడతలోనూ సాంకేతిక సలహా ఏ మార్గంలోనైనా అందిన కుటుంబాలు సుమారు 41 శాతమే.

ఈ అంకెలతో జాగ్రత్తగా ఉండాలి. ఇవి దేశ సగటులు. మన రెండు రాష్ట్రాల్లో తర్వాత గ్రామ స్థాయిలో సిబ్బందిని పెద్ద ఎత్తున నియమించారు గనుక 2003 నాటి 5.7 శాతాన్ని ఈనాటి పరిస్థితికి అంటగట్టడం సరికాదు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అభ్యుదయ రైతుకు ఆ సంగతి ఎవరు చెప్పారు? మండల వ్యవసాయాధికారి (ఏఓ) చెప్పి ఉంటే, ఆ సలహా శాఖదే అయినా సర్వేలో తోటి రైతు ఖాతాలో పడుతుంది. ప్రపంచ బ్యాంకు ప్రోత్సాహంతో 1970ల్లో దేశంలో మొదలై 1980ల్లో ఆంధ్రప్రదేశ్‌లోనూ నడిచిన శిక్షణ–సందర్శన పద్ధతి ఈ పరోక్ష ప్రవాహం మీదే ఆధారపడింది. సిబ్బంది పదిహేను రోజులకోసారి ఎంపిక చేసిన రైతుల దగ్గరికి వెళ్తే, వారి నుంచి మిగతావారికి చేరుతుందన్న నమ్మకం. కెన్యాలో ఇదే పద్ధతిని ప్రపంచ బ్యాంకు సొంత మూల్యాంకన విభాగం పరిశీలించినప్పుడు, పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం కనిపించలేదని 2000 ప్రాంతంలో తేల్చింది. ఇక్కడి అనుభవం అంతేనని చెప్పడానికి ఆ నివేదిక చాలదు. కానీ అడగకుండా నమ్మదగిన పద్ధతి కాదని చెప్పడానికి చాలు.

ఇవన్నీ పక్కనపెట్టినా, దుకాణదారు శాఖ కన్నా ఎందుకు ముందున్నాడన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. దీనికి సులువైన జవాబు, ఊళ్లోకి సిబ్బంది రారు, దుకాణం మాత్రం పొద్దున్నే తెరుస్తారు అన్నది. అందులో నిజం ఉంది గాని అది సగమే. మిర్చి, పత్తి పండే చోట విత్తనాల, పురుగుమందుల దుకాణదారు చాలామంది రైతులకు అప్పు ఇచ్చేవాడు కూడా. ఖాతా మీద మందు తీసుకుంటే పంట అమ్మాక లెక్క తేల్చుకుంటారు. ఏ మందు కొట్టాలో చెప్పేవాడూ, అమ్మేవాడూ, అప్పిచ్చేవాడూ ఒకడే అయినప్పుడు ఆ సలహాలో ఎవరి ప్రయోజనం ఎంతో విడదీయడం కష్టం. దుకాణదారుని దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. రైతు చేతిలో నగదు లేని నెలల్లో అతనే దిక్కు. అయితే నగదు లేని రైతుకు శాఖ ఇచ్చే సలహా ఎంత మంచిదైనా, అది ఖాతా ఉన్న దుకాణంలో దొరకని మందైతే, రైతు దాన్ని పాటించే అవకాశం తక్కువ. శాఖ పనిని అప్పు నుంచి వేరుచేసి అంచనా కట్టేవారు ఇది మర్చిపోతుంటారు.

2021లో గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ మిర్చి తోటల మీద నల్ల తామర పురుగు విరుచుకుపడింది. అంతకు ముందు మన మిర్చిలో పెద్దగా తెలియని జాతి అది, పూలలో దాక్కుంటుంది. శాస్త్రవేత్తలు విచక్షణ లేకుండా మందులు కొట్టవద్దన్నారు, నీలి రంగు జిగురు అట్టలు పెట్టమన్నారు. చాలామంది రైతులు వారంలో రెండేసి సార్లు మందు మార్చి మార్చి కొట్టారు. ఆ రైతులను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఎకరానికి లక్షల్లో పెట్టుబడి పెట్టి, కళ్ల ముందు పూత రాలుతుంటే, ఊరికే ఉండమని చెప్పే సలహా నిలబడాలంటే చెప్పేవాడు ఆ వారమంతా ఆ చేలోనే కనిపించాలి. ఫోనులో వచ్చిన సందేశానికి ఆ బలం ఉండదు. 2018లో మొక్కజొన్న మీదికి కత్తెర పురుగు వచ్చినప్పటి అనుభవమూ ఇలాంటిదే.

రెండు ప్రయోగాలు

తెలంగాణలో వ్యవసాయ శాఖ పని మీద పద్ధతి ప్రకారం జరిగిన ప్రయోగం ఒకటుంది. 2018 మే నెలలో రైతులకు పెట్టుబడి సాయం ఇచ్చే రైతుబంధు పథకం మొదలైనప్పుడు ఎకరానికి 4,000 రూపాయల చొప్పున చెక్కులు పంచే బాధ్యత ప్రధానంగా మండల వ్యవసాయాధికారుల మీద పడింది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్, జెఫ్రీ వీవర్ అనే ఆర్థికవేత్తలు ప్రభుత్వంతో కలిసి ఒక చిన్న మార్పు చేశారు. లాటరీ పద్ధతిలో ఎంపిక చేసిన మండలాల్లో అధికారులకు, మీ మండలం రైతులకు ఫోన్ చేసి చెక్కు అందిందో లేదో అడుగుతాం అని ముందే చెప్పారు. మిగతా మండలాల్లో చెప్పలేదు. 57 లక్షల మంది రైతులకు సుమారు వంద కోట్ల డాలర్లు చేరవేసిన పథకం అది. ఫోన్ చేస్తామని చెప్పిన మండలాల్లో చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా చేరిన ప్రతి డాలరుకూ అయిన ఖర్చు నాలుగు సెంట్ల లోపు.

ఇది గట్టి ఆధారం. మండలాలను లాటరీతో విడదీశారు కాబట్టి, మంచి అధికారులున్న మండలాల్లోనే ఫలితం బాగుందేమోనన్న సందేహానికి తావు లేదు. రైతును అడుగుతారని తెలిస్తే శాఖ యంత్రాంగం కదులుతుందని ఇది చూపించింది. కానీ ఎంతవరకు? చెక్కు అందిందా లేదా అన్నది అవును, కాదు అని చెప్పగల విషయం. పోయిన వారం మీ పత్తి చేనుకు ఇచ్చిన సలహా సరైనదేనా అంటే రైతుకే వెంటనే తెలియదు, ఫోన్ చేసినవారికి అసలే తెలియదు. కాబట్టి ఈ ఫలితాన్ని పంపిణీ పనుల నుంచి సలహా పనులకు నేరుగా సాగదీయకూడదు. పైగా ఇందులో ఒక ప్రమాదం కూడా కనిపిస్తోంది. లెక్కకు దొరికే పనిని మాత్రమే ఫోన్ చేసి అడిగితే, సిబ్బంది సమయం లెక్కకు దొరకని పని నుంచి అటే జారిపోతుంది. అలా జరిగిందని ఆ అధ్యయనం చెప్పలేదు. ఇది నా అనుమానం మాత్రమే.

రెండో ప్రయోగం శాఖది కాదు, కానీ శాఖకు నేరుగా సంబంధించినది. ఫియోనా బర్లిగ్, అమీర్ జీనా తదితరులు 2022లో తెలంగాణలో 250 గ్రామాలు తీసుకుని, కొన్నింటిలో రైతులకు రుతుపవనాలు ఎప్పుడు వస్తాయో నెలకు పైగా ముందే తెలిపే అంచనా ఇచ్చారు. వాన తాము అనుకున్నదాని కన్నా ఆలస్యం అవుతుందని తెలిసిన రైతులు సాగు విస్తీర్ణాన్ని సుమారు ఐదో వంతు తగ్గించుకున్నారు. ముందే వస్తుందని తెలిసినవారు పెట్టుబడి పెంచారు. అంచనా ఒకటే అయినా దాన్ని అందుకున్న రైతులు ఎవరి అంచనాను బట్టి వారు వేర్వేరుగా స్పందించారు. రైతు కొత్త సమాచారాన్ని పట్టించుకోడు, అలవాటుకు బానిస అన్న మాట ఆఫీసుల్లో తరచు వినబడుతుంది. ఈ ఫలితం దానికి ఎదురు నిలుస్తుంది. ఒక్క సీజన్, ఒక్క ప్రాంతం అన్న పరిమితి ఉన్నా, విత్తుకు ముందు అందిన నిర్దిష్టమైన మాట పనిచేస్తుందని చెప్పడానికి ఇంతకన్నా మంచి స్థానిక ఆధారం నాకు కనిపించలేదు.

ఆ మాట చేరవేయడానికి కావలసిన భవనాలు ఇప్పటికే ఉన్నాయి, మనుషులూ ఉన్నారు. తెలంగాణలో సుమారు 5,000 ఎకరాల క్లస్టరుకు ఒక వ్యవసాయ విస్తరణాధికారి (ఏఈఓ), ఒక రైతు వేదిక. ఆంధ్రప్రదేశ్‌లో 2020 మే 30న పది వేలకు పైగా రైతు భరోసా కేంద్రాలు మొదలయ్యాయి. వాటిని 2024లో రైతు సేవా కేంద్రాలుగా మార్చారు. గ్రామానికో వ్యవసాయ సహాయకుడు అన్నది 1880 నాటి కమిషన్ ఊహకు కూడా అందని సంఖ్య.

విత్తనం, చట్టం, కాలం

శాఖకు ఉన్న అధికారాల్లో కఠినమైనది నియంత్రణ. లైసెన్సు ఇవ్వడం, నమూనా తీయడం, అమ్మకం ఆపడం, కేసు పెట్టడం. ఇక్కడ చట్టాన్ని దగ్గరగా చదవాలి.

1966 విత్తన చట్టంలోని 19వ సెక్షను ప్రకారం మొదటి నేరానికి జరిమానా 500 రూపాయలకు మించదు. మళ్లీ చేస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఎకరం పత్తి విత్తనం ఖర్చు కూడా ఆ మొత్తం కన్నా ఎక్కువ. 2004లో రాజ్యసభలో పెట్టిన కొత్త విత్తన బిల్లు చట్టం కాలేదు. అందువల్ల శాఖలు 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వు కింద లైసెన్సు రద్దు చేసే అధికారం మీద, నిత్యావసర సరుకుల చట్టం మీద, తెలంగాణలోనైతే నకిలీ విత్తనాల కేసుల్లో ముందస్తు నిర్బంధ (పీడీ) చట్టం మీద కూడా ఆధారపడుతున్నాయి. పీడీ చట్టం విషయంలో నాకు ఇబ్బంది ఉంది. విచారణ లేకుండా నిర్బంధించే అధికారం విత్తన నాణ్యతకు మందు అవుతుందనడానికి ఆధారం చూపినవారు లేరు. అసలు చట్టం బలహీనంగా ఉన్నందుకే అంత దూరం వెళ్లాల్సి వస్తోంది.

జరిమానా కన్నా పెద్ద సమస్య కాలం. విత్తన తనిఖీ అధికారి తీసిన నమూనాను మూడు భాగాలు చేస్తారు. ఒకటి అమ్మినవారికి, ఒకటి ప్రయోగశాలకు, ఒకటి భద్రపరచడానికి. మొలక శాతం పరీక్షకు వరికి 14 రోజులు, పత్తికి 12 రోజులు, వేరుశనగకు 10 రోజులు పడుతుంది. ఇది గింజ మొలిచే వేగం, ఎవరూ తొందరపెట్టలేరు. నమూనా చేరడానికి, వరుసలో వేచి ఉండడానికి, నివేదిక తిరిగి రావడానికి పట్టే సమయం దీనికి అదనం. వరికి కనీసం 80 శాతం, వేరుశనగకు 70 శాతం మొలక ఉండాలన్న ప్రమాణానికి తగ్గిందని తేలేనాటికి ఆ లాటు పొలాల్లో ఉంటుంది. జన్యు స్వచ్ఛత సంగతైతే, మొక్కను పెంచి చూసే పద్ధతిలో ఒక పంటకాలమే గడిచిపోతుంది. మే నెలలో గోదాములో తీసిన నమూనాకూ, జూన్ చివర్లో దుకాణంలో తీసిన నమూనాకూ చట్టం దృష్టిలో తేడా లేదు. రైతు దృష్టిలో మొదటిది రక్షణ, రెండోది పోస్టుమార్టం. ఏటా ఎన్ని నమూనాలు తీశారన్న లెక్క ప్రభుత్వాలు ప్రకటిస్తూనే ఉంటాయి. అవి ఏ తేదీల్లో తీశారో కూడా ప్రకటిస్తే ఆ సంఖ్యకు అర్థం వస్తుంది.

పరిహారం విషయంలో మన ప్రాంతం నుంచే ఒక మేలిమలుపు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ రైతులు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద వేసిన కేసుల్లో 2012 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, విత్తన చట్టంలో పరిహారం మార్గం లేనందున అతను వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని స్పష్టం చేసింది. ఆ దారిలో వెళ్లడానికి రైతుకు బిల్లు, లాటు సంఖ్య, పంట నష్టంపై అధికారి నివేదిక కావాలి. మూడోది ఇవ్వాల్సింది వ్యవసాయ శాఖే.

శాఖ ముందుగానే కదిలి మార్కెట్టును మార్చిన సందర్భమూ ఉంది. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి విత్తనం 450 గ్రాముల ప్యాకెట్ ధర 1,600 రూపాయల పైన ఉండేది. అందులో ఎక్కువ భాగం జన్యు సాంకేతికతకు కట్టే రుసుమే. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ రుసుము అన్యాయమని గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు వెళ్లింది, మధ్యంతర ఉత్తర్వు సాధించింది, ప్యాకెట్ ధరను 750 రూపాయలుగా నిర్ణయించింది. 2007లో పత్తి విత్తనాల కోసం ప్రత్యేక చట్టం చేసింది. ఇతర రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. కేంద్రం 2015 డిసెంబరులో దేశమంతటికీ ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. ధర తగ్గడం వల్ల విత్తన పరిశోధనకు నష్టం జరిగిందని కంపెనీలు వాదిస్తూ వచ్చాయి. ఆ వాదనను పూర్తిగా కొట్టిపారేయలేం. కానీ విత్తనం కొనకముందే రైతు జేబులో డబ్బు మిగిల్చిన చర్యగా చూస్తే, గత పాతికేళ్లలో దీనితో పోల్చదగింది నాకు గుర్తుకు రావడం లేదు. పదేళ్లకే గులాబీ రంగు పురుగు ఆ బీటీ పత్తిని మళ్లీ తొలవడం మొదలుపెట్టడం, అనుమతి లేని కలుపుమందు తట్టుకునే పత్తి విత్తనం ఊళ్లలోకి చాటుగా రావడం తర్వాతి కథ.

ఏ పంట వేయాలి?

2020 వానాకాలంలో తెలంగాణ ప్రభుత్వం నియంత్రిత సాగును ప్రకటించింది. ఆ సీజన్‌లో మక్కలు వద్దని, పత్తి, కంది పెంచమని చెప్పింది. చెప్పిన పంట వేయకపోతే రైతుబంధు రాదన్న హెచ్చరిక కూడా వచ్చింది. 2021–22 యాసంగిలో, భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) ఉప్పుడు బియ్యం తీసుకోదు కాబట్టి వరి వేయవద్దని చెప్పింది. చివరికి 2022 ఏప్రిల్‌లో వచ్చిన ధాన్యాన్ని రాష్ట్రమే కొంటుందని ప్రకటించాల్సి వచ్చింది.

ఈ రెండింటి నుంచి నేర్చుకోదగిన విషయం ఏమిటంటే, పంట ఎంపికను నిర్ణయించే శక్తులు వ్యవసాయ శాఖ చేతిలో లేవు. 2018 నుంచి 24 గంటల ఉచిత కరెంటు విద్యుత్ శాఖది. కాలువ నీరు నీటిపారుదలది. ధాన్యం కొనేది పౌరసరఫరాల సంస్థ. మద్దతు ధర ఢిల్లీది. ఇవన్నీ వరి వైపు లాగుతుంటే ఏఈఓ నోటి మాట ఒక్కటి ఎదురు లాగలేదు. ప్రణాళికలో దోషం లేదని కాదు. భూగర్భజలం, మార్కెట్టు కోణంలో వరి తగ్గించమనడం సమంజసమే కావచ్చు. కానీ అలా చెప్పడానికి శాఖను ముందు నిలబెట్టి, వరికి ఇచ్చే ప్రోత్సాహాలను వెనుక అలాగే ఉంచారు. ఆ తర్వాత ఏఈఓ మాటకు ఊళ్లో విలువ ఎంత మిగిలిందో కొలిచినవారు లేరు.

అనంతపురం దీనికి అవతలి వైపు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఆ జిల్లాలో 2000వ దశకం మధ్య వేరుశనగ ఎనిమిది లక్షల హెక్టార్ల పైన ఉండేది. ఏటా శాఖ సబ్సిడీ వేరుశనగ విత్తనం పంచేది, కాయల కోసం రైతులు ఎండలో బారులు తీరేవారు. పంట పోతే పెట్టుబడి రాయితీ, బీమా కూడా ఎక్కువగా వేరుశనగకే. ఇక్కడ శాఖ విత్తుకు ముందే ఉంది, నిజమే. కానీ ఒకే పంట విత్తనం చేతికిస్తూ ఉంది. సబ్సిడీయే ఆ పంటను అంతకాలం నిలబెట్టిందా, లేక ఎర్ర గరప నేలలకు, ఆ వానకు అంతకన్నా మెరుగైనది లేక రైతే నిలబెట్టాడా అన్నది తేల్చడం కష్టం. రెండూ ఒకదానికొకటి తోడై ఉండవచ్చు. తర్వాతి ఏళ్లలో అక్కడ వేరుశనగ బాగా తగ్గింది, కంది, పండ్ల తోటలు పెరిగాయి. సబ్సిడీ ఉండగానే ఆ మార్పు వచ్చింది గనుక, విత్తన పంపిణీ ఒక్కటే కారణమన్న వాదనను అలాగే అంగీకరించలేం.

నమోదు, నమోదులో లేని రైతు

గ్రామ స్థాయి సిబ్బంది సమయంలో పెద్ద భాగం ఇవాళ నమోదు పనులకు పోతోంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదు, తెలంగాణలో డిజిటల్ పంటల సర్వే, ఈకేవైసీలు, బీమా కోసం పంట కోత ప్రయోగాలు, అర్హుల జాబితాలు. 2024 అక్టోబరులో తెలంగాణ ఏఈఓలు డిజిటల్ సర్వే భారం మోయలేమని నిరసనకు దిగారు, కొందరు సస్పెండయ్యారు. పంట నమోదు దండగ అనను. ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో తెలియకుండా బీమా లేదు, కొనుగోలు లేదు, పరిహారం లేదు. కానీ ఆ నమోదు జరిగే వారాలే పురుగు పడే వారాలు కూడా. ఒకే మనిషి రెండూ చేయలేనప్పుడు గడువు ఉన్న పని గెలుస్తుంది.

ఆ నమోదులో కౌలు రైతు ఎక్కడ ఉన్నాడన్నది నన్ను ఎక్కువ కలవరపెట్టే విషయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో వచ్చిన అధీకృత సాగుదారుల చట్టం భూయజమాని సంతకం లేకుండానే సాగుదారుకు గుర్తింపు కార్డు ఇచ్చే వీలు కల్పించింది. 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం యజమాని అంగీకారంతో కూడిన ఒప్పందం అడిగింది. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనన్న భయం యజమానిది, అడిగితే వచ్చే ఏడు కౌలుకు ఇవ్వడేమోనన్న భయం కౌలుదారుది. తెలంగాణలో రైతుబంధు పట్టాదారుకే అందింది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో చాలా చోట్ల పొలంలో దిగి సాగు చేసేది కౌలు రైతే. శాఖ ఎవరికి ఫోన్ చేస్తుందో, ఎవరికి సందేశం పంపుతుందో ఆ జాబితా పట్టాదారు పాసుపుస్తకం నుంచి తయారైతే, సలహా పట్నంలో ఉన్న యజమాని ఫోనుకు చేరి ఆగిపోతుంది. రైతుబంధు ప్రయోగంలో ఫోన్ చేసి అడిగిందీ జాబితాలో ఉన్నవారినే. జాబితాలో లేనివారి అనుభవం ఆ 7.8 శాతంలో లేదు.

శాఖ బయట జరిగిన విస్తరణ

మన ప్రాంతంలో విస్తరణలో అందరి దృష్టినీ ఆకర్షించిన ప్రయత్నం వ్యవసాయ శాఖలో మొదలవలేదు. పాల్వంచ దగ్గరి పునుకుల గ్రామం 2000వ దశకం తొలినాళ్లలో స్వచ్ఛంద సంస్థల తోడ్పాటుతో పురుగుమందులు మానేసింది. 2004–05 నుంచి పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్, మహిళా సంఘాల ద్వారా ఆ పద్ధతిని విస్తరించింది. నాలుగేళ్లలో మూడు లక్షలకు పైగా రైతులు, 13 లక్షలకు పైగా ఎకరాలు ఇందులో చేరినట్టు ప్రపంచ బ్యాంకు నివేదిక 2009లో పేర్కొంది. ఆ తర్వాతి రూపమే 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి సేద్యం. 2024లో దానికి గుల్బెంకియన్ బహుమతి వచ్చింది.

బహుమతి ఆధారం కాదు. ప్రకృతి సేద్యంలో ఖర్చు తగ్గుతుందన్న మాట దాదాపు అన్ని అధ్యయనాల్లో కనిపిస్తుంది. దిగుబడి సంగతి పంటను బట్టి, ప్రాంతాన్ని బట్టి, అధ్యయనం ఎవరు చేశారన్నదాన్ని బట్టి మారుతోంది. ప్రకృతి సేద్యానికి మారిన రైతులు మారనివారి కన్నా ముందు నుంచే భిన్నమైనవారు కావచ్చు. చాలా పోలికలు ఈ తేడాను తొలగించలేకపోయాయి. అయినా విస్తరణ కోణంలో ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ఇందులో సలహా ఇచ్చినవారు చాలావరకు అదే ఊళ్లో ఆ పద్ధతిలో సాగు చేస్తున్న రైతులు, ఎక్కువగా మహిళలు. వారికి అమ్మడానికి మందు లేదు. పంట కాలమంతా ఊళ్లోనే ఉంటారు. నమూనా సర్వేలో తోటి రైతు మొదటి స్థానంలో ఉండడంతో ఇది సరిపోతోంది.

ఏం కొలవాలి?

ఈ ఆధారాలను బట్టి రెండు మాటలు మాత్రం కాస్త ధైర్యంగా అనగలను. నిర్దిష్టమైన సమాచారం విత్తుకు ముందు అందితే రైతు దాన్ని వాడుకుంటాడు. రైతును అడిగి చూస్తారని తెలిస్తే శాఖ పనితీరు మారుతుంది. ఈ రెండింటినీ కలిపిన ప్రయోగం ఇంకా జరగలేదు. అది చేయడానికి కొత్త భవనాలు గాని కొత్త నియామకాలు గాని అక్కర్లేదు. కొన్ని మండలాలను లాటరీతో ఎంచుకుని, జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి రైతులకు ఫోన్ చేసి అడగవచ్చు. గింజ పెట్టకముందు ఎవరైనా మీతో మాట్లాడారా? మొన్న కొట్టిన మందు ఎవరు చెప్పారు? ఆ జాబితాను పాసుపుస్తకాల నుంచి గాక, ఊళ్లో పొలం దున్నుతున్నవారి నుంచి తయారు చేయాలి. ఆ మండలాల ఏఈఓలకు, గ్రామ సహాయకులకు ఆ రెండు నెలలూ నమోదు పనుల నుంచి సెలవివ్వాలి. లేకపోతే ఫలితం ఏదొచ్చినా అది సలహా గురించి కాక పని ఒత్తిడి గురించే చెబుతుంది. విత్తన నమూనాల పట్టికలో కూడా ఒక గడి చేర్చవచ్చు: ప్రయోగశాల నివేదిక వచ్చిన తేదీకి ఆ లాటులో ఎన్ని ప్యాకెట్లు ఇంకా అమ్మకుండా ఉన్నాయి అని.